సిస్టరమ్మ బదనిక

పోయిన వారం దుమ్ముగూడెం నుంచి ఫోనొచ్చింది. "సిస్టరమ్మ పోయింది మేడం, నిన్న పొద్దున. కొత్తగూడెంల వాళ్ళ తమ్ముని ఇంట్ల," అని చెప్పింది అక్కడి ఆశా వర్కరు. ఫోను పెట్టేశాక నాకు వెంటనే ఏడుపు రాలేదు. అద్దం ముందుకెళ్ళి బొటనవేలితో నా కింది రెప్ప నేనే లాగి చూసుకున్నాను. ఆమె ఉంటే "రక్తం లేదు, తోటకూర తిను" అనేది. అప్పుడొచ్చింది ఏడుపు.

ఆమెకు పలకరింపు అంటే అదే. మనిషి ఎదురైతే బాగున్నావా అని అడిగేది కాదు, రెప్ప లాగి చూసేది. బస్సు కండక్టరైనా, పంచాయతీ సెక్రటరీ అయినా, పీటల మీది పెళ్ళికూతురైనా అంతే. ఒకసారి మా మీద తనిఖీకి వచ్చిన ఆఫీసరు రెప్ప కూడా లాగింది. ఆయన కోపం తెచ్చుకునేలోపే "ఐరన్ గోళీలు ఇస్త, తిన్నంక వేస్కో సార్" అని చేతిలో పెట్టింది. ఆయన బుద్ధిగా జేబులో వేసుకుని వెళ్ళాడు.

నేను ఆమె దగ్గర చేరింది రెండువేల నాలుగులో. దుమ్ముగూడెం దాటాక గోదావరి దారి వదిలేసి అడవి వైపు తిరిగితే వచ్చే ఊళ్ళో మా సబ్‌సెంటరు. ఆమె పర్మనెంటు ఏఎన్నెమ్, నేను కాంట్రాక్టు. ఏటా జూన్ వచ్చిందంటే నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలిసేది కాదు. ఆమెది బొగ్గుబాయి కుటుంబం, నాది మధిర. నా మాట వింటే ఆమెకు నవ్వు. "ఎన్ని అండీలే నీకు? సంచిల పోస్కొచ్చినవా?" అనేది. పెళ్ళయిందో లేదో నేను అడగలేదు. అడిగినవాళ్ళతో ఆమె మళ్ళీ మాట్లాడటం నేను చూడలేదు.

సబ్‌సెంటరు వెనకే ఆమె క్వార్టరు, నేనూ అందులోనే ఉండేదాన్ని. ఉత్తరం వైపు వరండాలో తీగ కట్టి, దానికి చెక్కముక్కలు వేలాడదీసి, ఆ చెక్కలకు కొబ్బరిపీచుతో మొక్కల్ని కట్టి పెంచేది. మట్టి లేదు, కుండీ లేదు. చెట్ల కొమ్మల మీద పుట్టే మొక్కలవి. మన వైపు చెట్టు మీద మొలిచిన దేన్నయినా బదనిక అనేస్తాం. చెట్టు రక్తం తాగుతుందని మామిడితోటల్లో కోసి పారేస్తాం. ఆమె ముందు ఆ మాట అన్నారో, అయిపోయారే. "ఇవి తాగయ్ పిల్లా. కొమ్మ మీద కిరాయికుంటయ్ గంతే. ఇంటోని అన్నం తినయ్," అనేది.

ఇంగ్లీషులో వీటిని మాత్ ఆర్కిడ్లు అంటారట, దీపం పురుగు రెక్కలు విప్పుకుని వాలినట్టు పూస్తాయని. ఆమె దగ్గరున్న చిన్న రకం బొటనవేలి గోరంత తెల్లపూలు పూసేది, కింది రేకు ఊదారంగు. కొన్ని గాలివానకు విరిగిపడ్డ కొమ్మల మీంచి తెచ్చుకుంది. రెండు మాత్రం సారపాక కాగితం మిల్లుకు పోయే వెదురు లారీని ఆపి, బొంగుల మధ్య ఇరుక్కున్న కొమ్మ మీంచి పీక్కుంది. డ్రైవరు నోరెత్తలేదు. అతని రెప్ప అప్పటికే లాగేసింది.

మొక్కల్ని కూడా రోగుల్లాగే చూసేది. ఖాళీ అయిన సెలైన్ సీసాలో వానకాలం పట్టిన నీళ్ళు పోసి, పైపు తగిలించి, వేర్ల మీద చుక్క చుక్క పడేలా పెట్టేది. అది పొద్దున్నే, ఎండ ఎక్కకముందే. వేరు తెల్లగా ఉంటే దాహం, పచ్చబడితే చాలు. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఎండకు మనుషులే సొమ్మసిల్లి పడుతుంటే, ఈ మొక్కల చుట్టూ గోనెపట్టాలు కట్టి గంటకోసారి తడిపేది. అయినా ఆకుల నడిమి మొవ్వులోకి ఒక్క చుక్క పోకూడదు. పోతే దూది పుల్లతో అద్ది తీసేది. నేను ఒకసారి మగ్గుతో పైనుంచి పోశాను. "మొవ్వుల నీళ్ళు నిలిస్తే మూడొద్దులల్ల కుళ్ళుతది. నీ నెత్తి మీద పోస్త, నిలబడతవా?" అని ఆ పూట నాతో మాట్లాడలేదు.

ఇంకోసారి మా నాన్న మధిర నుంచి బుట్టెడు బంగినపల్లి కాయలు పంపాడు. వరండాలో నా మంచం కింద గడ్డిలో మగ్గబెట్టాను. నాలుగు రోజులకు ఆమె చిన్న మొక్క మొగ్గలన్నీ పసుపెక్కి రాలిపోయాయి. చీడ లేదు, నీళ్ళు తక్కువ కాలేదు. ఆమె వరండా అంతా వాసన చూసుకుంటూ వచ్చి నా మంచం కింద వంగింది. పండే కాయల ఆవిరికి మొగ్గ నిలవదట, బీడీ పొగకూ అంతేనట. ఆ బుట్ట మొత్తం బడిపిల్లలకు పంచిపెట్టింది. నాకు ఒక్కటి కూడా మిగల్చలేదు, దొంగమొహంది.

ఇంతకీ ఆమె ప్రాణం చిన్నవాటి మీద లేదు. వరండా మూలన పెద్దది ఒకటి ఉండేది. కొండ మీది గూడేనికి టీకాలకు వెళ్తున్నప్పుడు దారిలో కూలిన మద్దిచెట్టు మీద దొరికిందట. అరచేయంత ఆకులు, పెన్సిలంత లావు వేర్లు. నేను చేరేసరికే మూడేళ్ళ నుంచి ఆమె దగ్గరుంది. ఒక్కసారీ పూయలేదు. ఖమ్మంలో బాటనీ చెప్పే లెక్చరరు ఒకాయన పిల్లలతో అడవికి వచ్చి, ఎండదెబ్బ తగిలిన పిల్లవాణ్ణి తీసుకుని మా సెంటరుకు వచ్చాడు. ఆ పెద్ద మొక్కను చూసి పిల్లవాడి సంగతే మరిచిపోయాడు.

"ఈ జాతిలో ఇంత ఆకున్నది ఇటువైపు ఉన్నట్టు ఎవరూ రాయలేదమ్మా. పువ్వు చూడందే ఏదో చెప్పలేను. పూసినరోజు కబురు చేయండి, వచ్చి ఫొటో తీసుకుంటాను. మొదట చూసింది మీరేనని రాస్తాను," అన్నాడు.

"నా పేరా? యాడ రాస్తవ్ సార్?" అంది ఆమె.

"పుస్తకంలో."

ఆమె టీకాల రిజిస్టరు చివరి పేజీలో ఆయన ఫోను నంబరు రాసుకుని, కింద రెండుసార్లు గీత గీసింది. ఇరవై ఐదేళ్ళుగా ఆమె రాసిన రిజిస్టర్లన్నిటా ఇతరుల పేర్లే. 

చలి తగిలితేనే పూస్తుందని ఆ చలికాలం ఆమె ఆ చెక్కను మంచుకు బయటే ఉంచింది. జనవరిలో ఆకు మొదట్లో పచ్చటి మొటిమ ఒకటి లేచింది. అది వేరా, పూలకాడా? గొంతు చూసే టార్చి పెట్టి పూటకోసారి చూసేది. వేరైతే కొస గుండ్రంగా ఉంటుందట, కాడైతే కొస పక్కకి వంగి ముడుచుకుని ఉంటుందట. వారం రోజులు నాకు అన్నం సహించలేదు. ఎనిమిదో రోజు నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళి "కాడే," అంది. అంతకు మించి మురిస్తే దిష్టి తగులుతుందన్నట్టు వెంటనే లోపలికి పోయింది.

ఏప్రిల్ చివరికి ఆ కాడ మూరెడు పొడవై ఏడు మొగ్గలు వేసింది. ఆ ఎండాకాలం మా ఇంట్లోకి మామిడిపండు రాలేదు. మందులకొచ్చినవాళ్ళు బీడీ వెలిగిస్తే గేటు దాకా తరిమేది. లెక్చరరుకు దుమ్ముగూడెం ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసి వచ్చింది. "నాలుగైదు రోజులల్ల ఇడుస్తయ్ సార్" అని చెప్పిందట. ఆయన ఆదివారం వస్తానన్నాడు.

బుధవారం పొద్దున పక్క గూడెం నుంచి ఒకామె వచ్చింది. చంకలో బిడ్డ, కాళ్ళ నిండా దుమ్ము. ఆమె మొగుడు తాడిచెట్టు మీంచి జారిపడి మూడు రోజులైందట. కాలు విరిగితే గూడెంలో కట్టు కట్టే తాత వెదురు దబ్బలు పెట్టి కట్టాడట.

"ఇయ్యాల కట్టు ఇప్పాలె. బదనిక లేదు. కొండల మీద దొరకలే. మీ ఇంట్ల ఉన్నదంటరు గద," అంది.

సిస్టరమ్మ మొహం గట్టిపడింది. అయినా అడిగిన మాట ఒక్కటే. "కాలివేళ్ళు ఎట్లున్నయ్?"

"నల్లగైనయ్."

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. ముగ్గురం పొలాలకడ్డం పడి నడిచాం, పావుగంట దూరం. అతను పందిట్లో నులకమంచం మీద ఉన్నాడు. మోకాలి కింద నుంచి మడమ దాకా దబ్బలు, వాటి మీద నారతాడు. కాలు వాచి తాడు చర్మంలోకి దిగిపోయింది. వేళ్ళు నేరేడుపండు రంగు. సిస్టరమ్మ బొటనవేలి గోరు నొక్కి వదిలింది. నొక్కిన చోట తెల్లబడి మళ్ళీ ఎరుపు రావాలి. నేను మనసులో పది దాకా లెక్కపెట్టాను. రాలేదు.

"తాతా, జల్దీ ఇప్పాలె. రక్తం అందుతలేదు. ఇప్పినంక జీపుల ఏస్కొని భద్రాచలం పోదాం," అంది.

తాత పెద్దమనిషి. కోపం తెచ్చుకోలేదు. ఆయన కట్టిన కాళ్ళు ఆ చుట్టుపక్కల గూడేలన్నిటా నడుస్తున్నాయి. "ఇప్పుత తల్లీ. నేను ఇప్పనంటలే. బదనిక ముద్ద చేతులుండాలె, ఇప్పిన్నాడే పెట్టాలె. ఒట్టి కాలు ఇప్పితే ఎముక పట్టదు. మా పద్ధతి గట్లనే," అన్నాడు. మంచం మీదున్నతని పెళ్ళాం ముందుకొచ్చి ముడి మీద అరచెయ్యి వేసి కూర్చుంది.

కత్తెర సంచిలోనే ఉంది. నేను చెయ్యి పెట్టబోతే సిస్టరమ్మ నా మణికట్టు పట్టుకుంది. రెండేళ్ళ కింద అదే గూడెంలో ఎవరో వచ్చి ఒకతని కట్టు బలవంతంగా కత్తిరించారట. అతను దవాఖానా దారిలోనే పోయాడు. ఆ తర్వాత ఏడాదిపాటు అక్కడి తల్లులు ఒక్క బిడ్డను కూడా సూదికి తేలేదు.

"చిన్నయి పనికొస్తయా తాతా? నా కాడ చిన్నయి ఉన్నయ్," అంది సిస్టరమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"పనికిరావు. ముదురు వేరుండాలె. గుప్పెడు."

ఆమె నా వైపు చూసింది. "పో పిల్లా. వేరు తీస్కరా," అంది. ఏ మొక్క అని చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా.

నేను పరిగెత్తాను. వరండాలోకి వెళ్ళి పెద్దదాని ముందు నిలబడ్డాను. మొదటి మొగ్గ అప్పుడే కొసన విడుతోంది, లోపల పసుపు గీత ఒకటి కనిపించింది. గుప్పెడు వేర్లు పీకితే కాడ వాడిపోతుంది, మొగ్గలు రాలతాయి. ఆదివారానికి ఇంక నాలుగు రోజులు. తాతకు కావలసింది ఏదో ఒక ముద్ద, అతనికి కావలసింది కట్టు ఊడటం. ఏ వేరైతే ఏం? అలా అనుకున్నాను, ఒట్టు, నాకది చాలా తెలివైన ఆలోచన అనిపించింది. బడిగోడ మీద పాకిన మనీప్లాంటుకు లావుపాటి వేర్లు వేలాడుతుంటాయి. గుప్పెడు తెంపి, మట్టి దులిపి, గుడ్డలో చుట్టుకుని వెనక్కి పరిగెత్తాను.

సిస్టరమ్మ గుడ్డ విప్పింది. వేర్ల వంక చూసింది. తలెత్తి నా మొహం చూసింది. తర్వాత వాటిని తాత చేతికి అందించింది.

తాత ఒక వేరు కొరికాడు. నమిలి పక్కకు ఉమ్మేశాడు. "ఇది ఇస్కూలు గోడకు పాకేది. బదనిక గాదు. నన్ను ఎర్రోన్ని చేస్తున్రా తల్లీ?" అన్నాడు. గొంతు పెంచలేదు. చెంబులో నీళ్ళు ఒంపుకుని చేతులు కడుక్కుని, నూరే బండ పక్కకి జరిపి, మాకు వీపు తిప్పి కూర్చున్నాడు. పెళ్ళాం మొగుడి కాలు రెండు చేతులా ఒళ్ళోకి తీసుకుంది. "పొండి. మా ఇంట్లకెళ్ళి పొండి," అంది.

సిస్టరమ్మ తాత ముందుకు వెళ్ళి నేల మీద కూర్చుంది. బతిమాలింది. దండం పెట్టింది. ఇరవై ఐదేళ్ళలో ఆ గూడెంలో తను పురుడుపోసిన బిడ్డల పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. ఆయన కదల్లేదు. ఎంతసేపో. చివరికి లేచి "తప్పైంది తాతా. ఈసారి నేనే తెస్త," అని ఎండలోకి నడిచింది, నెత్తిన కొంగైనా కప్పుకోకుండా.

నన్ను అక్కడే ఉండమంది. ఆ అరగంట నా జన్మలో మరిచిపోను. అతను జ్వరంలో నీళ్ళడిగాడు. నేను గ్లాసు ముంచి ఇస్తే అతని పెళ్ళాం నా చేతిలోంచి తీసుకోలేదు. లేచి వేరే గ్లాసు ముంచుకుంది. అతని వేళ్ళ వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. చిటికెన వేలు, దాని పక్క వేలు రంగు మారుతున్నాయి. నేరేడు రంగు పోయి బొగ్గు రంగు వస్తోంది.

సిస్టరమ్మ వచ్చింది. చెక్కతో సహా మొత్తం మొక్కను గుండెకు ఆనించుకుని తెచ్చింది. జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుంది. మూరెడు కాడ, ఏడు మొగ్గలు ఆమె భుజం మీంచి ఊగుతున్నాయి. తాత ముందు పెట్టింది. తాత ఒక వేరు కొస గిల్లి నాలుక మీద పెట్టుకున్నాడు. తల ఊపాడు. అప్పుడు చూశాడు మొగ్గల్ని. ఆయన చెయ్యి ఆగింది.

"ఇది పూస్తది గద తల్లీ."

"పూస్తది. ఇప్పు తాతా," అంది.

ఇనుము తగలకూడదని వేర్లన్నీ చేత్తోనే తెంపాడు. బండ మీద నూరి, ముద్ద పక్కన పెట్టుకుని ముడి విప్పాడు. దబ్బలు ఒక్కొక్కటే తీస్తుంటే అతను పళ్ళు బిగబట్టాడు. సిస్టరమ్మ బొటనవేలి గోరు నొక్కింది. ఈసారి ఎరుపు వచ్చింది, మెల్లగా. పక్క వేలికి వచ్చింది, నడిమి వేలికి వచ్చింది. చివరి రెండింటికి రాలేదు. ముద్ద పెట్టాక మీద దూది వేసి, వదులుగా మా కట్టు కట్టి జీపెక్కించాం. మొక్క పందిట్లో నేల మీదే ఉండిపోయింది. మేకపిల్ల ఒకటి కాడ కొస నములుతోంది.

భద్రాచలం పెద్ద దవాఖానాలో డాక్టరు చూసి "కాలు దక్కింది. రెండు వేళ్ళు తీసేయాలి. ఒక గంట ముందు కట్టు ఊడి ఉంటే అవీ దక్కేవి," అన్నాడు. మా వైపు తిరిగాడు. "ఊళ్ళో ఇద్దరు ఉండి ఏం చేస్తున్నారు? ఎవరిదీ ఆలస్యం?"

 నా కాంట్రాక్టు తేలే జూన్‌కు ఇంకా నెల రోజులుంది.

"నాదే సార్," అంది సిస్టరమ్మ.

పదిహేను రోజులకు ఆమె పేరున మెమో వచ్చింది. ఇరవై ఐదేళ్ళ సర్వీసులో మొదటిది. ఆమె సంతకం పెట్టి తీసుకుంది, పెన్ను నేనే అందించాను. జూన్‌లో నా కాంట్రాక్టు పొడిగించారు. నేను నోరు విప్పలేదు. అప్పుడే కాదు, ఇదిగో ఇప్పటిదాకా ఎక్కడా విప్పలేదు. లెక్చరరు ఆ ఆదివారం కెమెరాతో వచ్చాడు. "సచ్చిపోయింది సార్," అని సిస్టరమ్మ చెప్పింది, ఎట్లా అని చెప్పలేదు. నేను పసుపు గీత సంగతి చెప్పాను. దాంతో ఏం తెలుస్తుందమ్మా అని ఆయన నిట్టూర్చి వెళ్ళిపోయాడు. మేకపిల్ల వదిలిన మోడును ఆమె తెచ్చి మళ్ళీ కట్టింది. పది రోజులకు అదీ కుళ్ళింది.

అతని పుండు మానేదాకా వారానికి రెండుసార్లు గూడేనికి వెళ్ళి ఆమే కట్టు మార్చింది. నన్ను ముట్టనివ్వలేదు. అతను నడవడం మొదలుపెట్టాక ఒకరోజు, "నీ బదనికతోనే నా కాలు నిలబడ్డది సిస్టరమ్మా," అని సీసాడు తేనె తెచ్చిచ్చాడు. అతని పెళ్ళాం మా ఇద్దరి కాళ్ళకూ దండం పెట్టింది. సిస్టరమ్మ అతని మొహం చూడలేదు, పాదం వైపే చూస్తూ నిలబడింది. తేనె తీసుకోలేదు.

ఆ రోజే, తిరిగొచ్చేటప్పుడు, పొలం గట్టు మీద అడిగేశాను. రెండు నెలలుగా నా గొంతులో అడ్డం పడి ఉన్న మాట.

"సిస్టర్, ఆ రోజు గుడ్డ విప్పగానే మీకు తెలిసిపోయింది కదండీ, అది మనీప్లాంటని. నన్ను తిట్టి వెనక్కి పంపలేదేం? ఆ పని చేసింది నేను. మెమో నాకు రావాలి."

ఆమె ఆగకుండా నడుస్తోంది. "తెంపింది నువ్వు. తాత చేతికిచ్చింది నేను," అంది.

"మరి ఎందుకిచ్చారు, తెలిసి?"

అప్పుడు ఆగింది. నా వైపు తిరగలేదు. సంచి ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంది.

"నాలుగేండ్లు పిల్లా. ఒక్కపారి పువ్వు చూడాలనుకున్న. తాతకు తెల్వదేమో అనుకున్న." మళ్ళీ నడక మొదలుపెట్టింది. "వాని గోరు నొక్కి చూసినంక గూడ అనుకున్న."